బొచ్చక్క కాయితాలు

హంగేరీ యాడుండాదో
రెడ్డెమ్మ కూతురి బడిపుస్తకంలో చూసినాను.
ఆడ మంచు పడతాదంట,
అందుకే ఆ పందులకు
గొర్రె మాదిరి ఉంగరాల బొచ్చు.

వెటర్నరీ కాలేజీ పందుల షెడ్డులో
పదకొండేండ్లు పెంట ఎత్తి దాచుకున్న దుడ్లు,
సంఘం లోను, మాయమ్మ కమ్మలు,
అన్నీ కలిపితే ఒక జత.
చెన్నపట్నంలో నెలరోజులు గదిలో పెట్టి
రోగం లేదని తేల్చినాకే లారీ ఎక్కించినారు.
నగిరి దాటినాక మొగదాని కాలు బెణికింది.
"పుత్తూరు కట్టు కట్టిద్దామా అక్కా"
డ్రైవరు ఇగిలించినాడు.
నాకు నగు రాలేదు.
దాని కాలొకటి మా ఇల్లంత ఖరీదు.

ఏర్పేడు గేటు కాడ మా పేట.
దించుతానే అందురూ మూగినారు.
"గొర్రెకు పందిమూతి అతికించినారే" అన్నాడు చెంగయ్య.
జాతి పేరు మంగలిట్స అని చెప్తే
మాయమ్మ "మంగా" అని పిలవబోయి
తిరుచానూరు దిక్కు చూసి నాలిక కరుచుకునింది.
చెంపలేసుకుని
బొచ్చక్క అని పేరు పెట్టింది.

ఆ రాత్రి కాయితాల కట్ట విప్పినాను.
బొచ్చక్క తల్లి, తండ్రి, తాత, ముత్తాత,
ఒక్కొక్కరి చెవి నంబరు,
ఏ కొట్టంలో పుట్టిందీ, ఏ తేదీ,
అన్నీ అచ్చులో, మొహరుతో.
చదువు రాని మాయమ్మ వాటిని తడిమి తడిమి
"మీ ముత్తాత పేరు గూడా రాసిపెట్నారమ్మే ఒకచోట" అనింది.
నాకు తెలుసు.
స్టేషను రిజిస్టరులో.
దొరల కాలంలో రాత్రి ఒకసారి, తెల్లారుజామున ఒకసారి
ఈడే ఉండానని పోయి వేలిముద్ర వేయాల.

కత్తిర ఎండలొచ్చినాయి.
గోనెసంచులు తడిపి కప్పినాము, బురదగుంట తవ్వినాము,
ట్యాంకరు నీళ్ళు అప్పుకు తెచ్చినాము.
మూడోనాడు మొగది మూతి నేలకానించి
మళ్ళీ ఎత్తలేదు.
ఊరందరి చెయ్యి చూసి ఎరుక చెప్పే మాయమ్మ
తన చెయ్యి తానే చూసుకుంటా కూచునింది.

కల్యాణకట్టలో చేసి రిటైరైన దొరసామన్న
చీకటి పడినాక కత్తెర తెచ్చినాడు.
"తప్పేముండాదిలే,
కొండెక్కితే తొలి దండం వరాహసామికే గదా"
అని తనకు తానే చెప్పుకుంటా
బొచ్చక్కను నున్నగా చేసినాడు.
దుడ్లిస్తే తీసుకోలేదు.
ఉంగరాల బొచ్చు ఒక గుప్పెడు జేబులో వేసుకున్నాడు,
మనవడికి చూపించేదానికి.

ఆ బోడిగుండుతోనే
అది కంచె దూకింది.

మూడు నెల్లు, మూడు వారాలు, మూడు దినాలు.
ఏడు పిల్లలు.
నల్లగా, వీపున చారలతో,
చెవుల ఎనక మాత్రం ఉంగరాలు.
మిట్టమధ్యాన్నం ఎండలో
కంపచెట్ల సందున ఉరుకులాడతాండాయి.
ఏజెంటుకు ఫోటో పంపితే
"కలితీ పడింది, వీటికి కాయితాలు రావు" అన్నాడు.

నోటుబుక్కు కొన్నాను.
స్కేలుతో గళ్ళు గీసినాను.
తల్లి: బొచ్చక్క, హంగేరీ.
తండ్రి, అని రాసి ఆగినాను.

గెనుసుగడ్డల మన్ను దులుపుతా
మాయమ్మ తల ఎత్తకుండా చెప్పింది:
"నల్లోడు. ఏర్పేడు గేటు.
వాడి తల్లి తోకలేనిది.
దాని తల్లి చుక్కమూతిది,
మీ నాయన్ని జీపెక్కించిన ఏడు ఈనింది.
దాని తల్లి కుంటిది, నా పెండ్లికి వచ్చింది,
నాతోనే నడిచి వచ్చింది కాళాస్తిరి నుంచి.
దాని తల్లి..."

నిదానంగా చెప్పుమా,
రాసుకుంటాండా.